వెనకున్నవాడు వింటున్నాడా?

మా బావగారికి శాక్సాఫోను వాయించే కెన్నీ జీ అంటే ప్రాణం. నాకు 1920ల నాటి పాత జాజ్ అంటే ప్రాణం. రాజకీయాల మీదో పెళ్లిసంబంధాల మీదో వాదించుకోవాల్సిన వయసులో మేమిద్దరం శాక్సాఫోను మీద వాదించుకుంటాం. పొద్దున్నే మా విశాఖ బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసి నడిచేవాళ్లకి వదిలేస్తారు కదా, ఆ వేళలో కాళీమాత గుడి దగ్గర అంటుకున్న తగువు కురుసుర సబ్‌మెరైన్ దాటినా చల్లారదు.

"ఏటోయ్, ఆ గీరుగీరుమనే రికార్డుల్లో నీకేటి కనిపిస్తాది?" అంటారాయన.

"మీ కెన్నీ జీ లిఫ్టులో బాగుంటాడు బావగారూ. మన అంతస్తు వచ్చేదాకా" అంటాను నేను.

ఆయన పోర్టులో లెక్కల సెక్షన్లో చేసి రిటైరైన మనిషి. కెన్నీ జీ కూడా వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదువుకున్నవాడేనని ఒకసారి మాటల్లో నేనే చెప్పాను. అప్పట్నుంచి ఆయన అభిమానానికి వృత్తి బంధుత్వం కూడా తోడైంది. నడుస్తూ వాదించేటప్పుడు ఒకటి చెప్పబోయి ఇంకోటి చెబుతాం, ఆయాసం ఒకటి. అందుకని నా వైపు మాట కుదురుగా కూర్చుని రాస్తున్నాను. ఆయన చదువుతారు. చదివి ఫోను చేస్తారు.

విశాఖపట్నంలో జాజ్ వినిపించే చోట్లకి మీరూ వెళ్లే ఉంటారు, అది జాజ్ అని అనుకుని ఉండకపోవచ్చు. పెద్ద హోటళ్ల లాబీలు, సిరిపురం చుట్టుపక్కల కాఫీ షాపులు, పళ్ల డాక్టరు దగ్గర మన వంతు కోసం కూర్చునే గది, ఫోనులో "లైనులో ఉండండి" అని వదిలేసినప్పుడు మోగే ఆ మెత్తటి శాక్సాఫోను. ఇదంతా దాదాపుగా స్మూత్ జాజే, అంటే కెన్నీ జీ బాపతు. నాకిష్టమైన పాత రకం వినాలంటే ఇంట్లో వెతుక్కుని పెట్టుకోవాలి, లేదంటే నేవీ బ్యాండు ఎప్పుడైనా ఒక పాత స్వింగ్ పాట అందుకోవాలి. వాల్తేరు రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు నిండుగా ఉన్న రోజుల్లో ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో ఇలాంటి పాటలు మోగేవని పెద్దవాళ్లు చెప్పుకుంటారు. అవి నా రోజులు కావు.

పాత జాజ్ అని నేననేది అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టి, షికాగో చేరి, 1920ల్లో రికార్డులకెక్కిన సంగీతం. ముందు వరసలో మూడు వాయిద్యాలుంటాయి. కార్నెట్టో ట్రంపెట్టో పాటని పట్టుకుని నడుస్తుంది. క్లారినెట్ దాని మీదుగా పరుగులు తీస్తుంది. ట్రాంబోన్ కింద నుంచి జారుతూ లేస్తూ ఇద్దరికీ ఆధారమవుతుంది. ముగ్గురూ ఒకేసారి, ఎవరి మనోధర్మం వాళ్లదిగా వాయిస్తారు. చెప్పుకుంటే గందరగోళంలా ఉంటుంది. వింటే ఒకడు ఖాళీ వదిలిన చోటే ఇంకొకడు దూరడం తెలుస్తుంది. వెనక బాంజో, పియానో, డ్రమ్స్. ఆ ఊళ్లో శవయాత్రకి కూడా బ్యాండు ఉంటుంది. శ్మశానం దాకా బరువుగా, నెమ్మదిగా వాయించి, పూడ్చిపెట్టి తిరిగొచ్చేటప్పుడు హుషారు పాట ఎత్తుకుంటారు, జనం ఎగురుతూ వెనక నడుస్తారు. పండు ముసలాయన పోతే డప్పులతో, బాణసంచాతో సాగనంపే మన ఉత్తరాంధ్ర వాళ్లకి ఇది విడ్డూరంగా అనిపించదు.

ఎవరైనా "ఒక్కటి వినిపించు" అంటే నేను పెట్టేది 'వెస్ట్ ఎండ్ బ్లూస్'. 1928 జూన్ 28న షికాగోలో ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, అతని బృందం హాట్ ఫైవ్ రికార్డు చేశారు. వెస్ట్ ఎండ్ అంటే న్యూ ఆర్లీన్స్‌లో సరస్సు ఒడ్డున జనం గాలి పీల్చుకోడానికి వెళ్లే చోటు, అక్కడివాళ్ల ఆర్కే బీచ్ అనుకోండి. పాట మూడు నిమిషాల పైచిలుకు. మొదట ట్రంపెట్ ఒంటరిగా, తాళం లేకుండా, పైకెక్కి కిందికి దూకుతుంది. మన ఆలాపన ఎరిగిన చెవికి ఆ కొద్ది సెకన్లలో ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ నాకు ఇష్టమైన చోటు అది కాదు. మధ్యలో క్లారినెట్ ఒక చిన్న మాట అంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ దించి, మాటలు లేకుండా గొంతుతో దానికి జవాబిస్తాడు. క్లారినెట్ మళ్లీ అంటుంది, ఇతను ఇంకొంచెం సాగదీసి జవాబిస్తాడు. తర్వాత ఎర్ల్ హైన్స్ పియానో. చివర్లో ట్రంపెట్ పైస్థాయిలో ఒకే స్వరాన్ని పట్టుకుని దాదాపు నాలుగు ఆవర్తాలు వదలదు. ఆ స్వరం కింద మిగతావాళ్లు ఊపిరి బిగబట్టుకుని అడుగులేయడం వినిపిస్తుంది. ఇతను ఎప్పుడు వదులుతాడో వాళ్లకి తెలీదు, తెలిసేదాకా కాచుకుని ఉంటారు.

ఇక స్మూత్ జాజ్. దీనికి పుట్టినరోజు ఫలానా అని చెప్పలేం కానీ దారి కనిపిస్తుంది. వెస్ మాంట్‌గొమరీ అనే గొప్ప గిటారిస్టు 1967లో, క్రీడ్ టేలర్ అనే నిర్మాత దగ్గర, బీటిల్స్ పాటల్ని వయొలిన్ల మెత్తటి పరుపు మీద వాయించాడు. 1976లో జార్జ్ బెన్సన్ 'బ్రీజిన్' వచ్చి సినిమా పాటల్లా అమ్ముడుపోయింది. 1980లో గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ 'వైన్‌లైట్'. 1986లో కెన్నీ జీ 'డ్యుయోటోన్స్', అందులోనే బావగారి గుండెల్లో ఉండే 'సాంగ్‌బర్డ్'. 1987 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్‌లో ఒక రాక్ రేడియో స్టేషన్ ఆ పాటలు మానేసి ఇలాంటి మెత్తటి సంగీతానికి మారింది. మిగతా ఊళ్లు వెంట నడిచాయి. ఈ స్టేషన్లు పాటల్ని ఎంచుకునే తీరు నాకు ఆసక్తి. శ్రోతల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, పాటల ముక్కలు వినిపించి, నచ్చిన కొద్దీ తిప్పమని చేతికి డయల్ ఇచ్చేవారు. డయల్ కిందికి తిరిగిన పాట రేడియోలో రాదు. ఎవరి మనసూ నొప్పించని సంగీతం అలా వడపోతకి వడపోతగా తయారైంది. చివరికి 2008, 2009 ప్రాంతంలో న్యూయార్క్, షికాగో స్టేషన్లు రెండూ మూతపడ్డాయి. పాట మాత్రం లిఫ్టుల్లో బతికింది.

జాజ్ అభిమానులు స్మూత్‌ని తిట్టడం మొదలుపెడితే ముందుగా అనేది అది డబ్బు కోసం చేసిన సంగీతమని. ఆ మాట నేననను. జాజ్ మొదట్నుంచీ డాన్సు హాళ్లలో, బార్లలో పొట్టకూటి కోసం వాయించిన సంగీతమే. 1964లో, అరవై దాటిన వయసులో, ఆర్మ్‌స్ట్రాంగ్ 'హలో డాలీ' పాడి అమెరికా పాటల పట్టికలో బీటిల్స్‌ని మొదటి స్థానం నుంచి దింపాడు. అది తపస్సు చేసి రాసిన కృతి కాదు, ఒక నాటకానికి ప్రచారంగా పాడిన పాట. తేలిక అన్నది కూడా నేరం కాదు. వయొలిన్లు పెట్టుకోవడం అంతకన్నా కాదు. బీబాప్ అనే వేగమైన, చిక్కు జాజ్‌కి మూలపురుషుడైన చార్లీ పార్కర్ 1949లో వయొలిన్ల బృందంతో రికార్డు చేస్తే మడి కట్టుకున్నవాళ్లు ముక్కు చిట్లించారు. నేను ఇప్పటికీ ఆ రికార్డు పెట్టుకుంటాను.

ఇంకా తమాషా చెప్పనా. 1960 ప్రాంతంలో ఇంగ్లండులో పాత జాజ్‌కి పెద్ద వెర్రి లేచింది. బౌలర్ టోపీ, చారల వెయిస్ట్‌కోటు వేసుకుని క్లారినెట్ వాయించే ఆకర్ బిల్క్ అందులో పెద్ద పేరు. ఆ సంప్రదాయ జాజ్ మనిషి లోకమంతా ఎందుకు వెలిగాడయ్యా అంటే, వయొలిన్ల మధ్య నెమ్మదిగా వాయించిన 'స్ట్రేంజర్ ఆన్ ద షోర్' వల్ల. 1962లో అది అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. 1969లో అపోలో 10 వ్యోమగాములు దాన్ని చంద్రుడి దాకా పట్టుకెళ్లారు. కళ్లు మూసుకుని వింటే అది సాక్షాత్తూ స్మూత్ జాజ్, ఆ పేరు పుట్టక పాతికేళ్ల ముందు. కనుక ఇటు పవిత్రులు, అటు పతితులు అని గీత గీసి కూర్చుంటే మన కాళ్లే ఆ గీత మీద పడతాయి.

మరి నా అభ్యంతరం ఏమిటి? అది నాకు స్పష్టంగా అర్థమైంది జాజ్ రికార్డుల ముందు కాదు, ఈ ఊళ్లోనే ఒక పెళ్లిలో.

రాత్రి రిసెప్షన్. ఈ మధ్య మన ఫంక్షన్ హాళ్లలో ఒక ఆచారం బయల్దేరింది, చూసే ఉంటారు. నల్లసూటు వేసుకున్న కుర్రాడు శాక్సాఫోను మెడలో తగిలించుకుని పాత తెలుగు పాటలు వాయిస్తాడు. వెనక మనుషులెవరూ ఉండరు, లాప్‌టాప్‌లోంచి ట్రాక్ వస్తుంది. కుర్రాడు బాగా వాయిస్తున్నాడు. శ్రుతి శుద్ధంగా ఉంది, జారుళ్లు తియ్యగా ఉన్నాయి. పల్లవి ఒకటి బ్రహ్మాండంగా పలికేసరికి, భోజనాల వైపు వెళ్తున్న పెళ్లికొడుకు మేనమామ వెనక్కొచ్చి, "బాబూ, ఆ పల్లవి ఇంకొక్కసారి" అన్నాడు. ఆ కుర్రాడి మొహం చూడాలి. వాయించాలని ఉంది. ట్రాక్ అప్పటికే చరణంలోకి వెళ్లిపోయింది. అతను ఒక ఇబ్బంది నవ్వు నవ్వి, పరిగెత్తి చరణాన్ని అందుకున్నాడు. ఎంత మొనగాడైనా లాప్‌టాప్‌ని "ఆగు" అనలేడు కదా.

అదే పెళ్లి, తెల్లవారుజాము ముహూర్తం. మంటపం పక్కన సన్నాయి మేళం. సన్నాయి పెద్దాయన కల్యాణి అందుకుని తన ధోరణిలో విస్తరిస్తున్నాడు. డోలు ఆయన కళ్లు ఒకటి సన్నాయి మీద, ఒకటి పంతులుగారి మీద. పంతులుగారు మంత్రం మధ్యలోంచి చెయ్యెత్తి "గట్టిమేళం" అన్నారో లేదో, రాగం ఎక్కడుంటే అక్కడ తెగింది, డోలు పిడుగులా పడింది, సన్నాయి ఆ పైకి లేచింది. మూడు ముళ్లు పడ్డాక చెయ్యి దిగింది, మేళం కూడా దిగింది. ఆ తర్వాత పెద్దాయన కల్యాణిలోకి తిరిగి వెళ్లలేదు, పొద్దుపొడుపు వేళకి తగ్గట్టు భూపాలం ఎత్తుకున్నాడు. డోలు ఒక్క క్షణం తడుముకోకుండా కలిసింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

వాళ్లేమీ ఆస్థాన విద్వాంసులు కారు. రిసెప్షన్ కుర్రాడి వేళ్లు బహుశా వాళ్ల వేళ్లకన్నా చురుకు. తేడా అంతా వెనకున్నవాడు వింటున్నాడా లేదా అన్నదే. స్మూత్ జాజ్‌లో ఎక్కువ భాగం నాకు ఆ లాప్‌టాప్ ట్రాక్‌లా వినిపిస్తుంది. పాత జాజ్ మేళంలా వినిపిస్తుంది. నా ఇష్టానికి అసలు కారణం ఇంతే, దీన్ని మించిన శాస్త్రమేమీ నా దగ్గర లేదు.

కాబట్టి ఏ రికార్డు పెట్టినా నాదొక పరీక్ష. ఇందులోంచి ఒక మనిషిని తీసేస్తే మిగతావాళ్లకి తెలుస్తుందా? 'సాంగ్‌బర్డ్' పెట్టండి. వెనక సింథసైజర్లు, మిషను కొట్టే డ్రమ్ము. అందులోంచి శాక్సాఫోనుని తీసేయండి. మిగతాదంతా చెక్కుచెదరకుండా అదే నడక నడుస్తుంది, పైన ఎవరో ఉండేవారన్న స్పృహ కూడా దానికి లేదు. ఇప్పుడు 1927 డిసెంబరులో హాట్ ఫైవ్ చేసిన 'హాటర్ దేన్ దట్' పెట్టండి. అందులో లోనీ జాన్సన్ అనే గిటారిస్టు అతిథి. ఆర్మ్‌స్ట్రాంగ్ అర్థం లేని అక్షరాలతో ఒక మెలిక పాడతాడు, గిటారు దాన్ని పట్టుకుని అలాగే తిప్పి చూపిస్తుంది. ఇతను ఇంకో మెలిక వేస్తాడు, అది మళ్లీ చూపిస్తుంది. గురువు స్వరకల్పనకి వయొలిన్ జవాబు వింటూ పెరిగిన చెవులకి కొత్తేమీ కాదిది. అక్కడ గొంతు తీసేస్తే గిటారు పిచ్చివాడిలా గాలితో మాట్లాడుతున్నట్టుంటుంది.

"శాక్సాఫోనంటేనే నీకు పడదు, అదీ సంగతి" అని బావగారి ఆరోపణ. కాదు. కెన్నీ జీ వాయించేది సొప్రానో శాక్సాఫోను, క్లారినెట్‌లా నిటారుగా ఉండేది. జాజ్‌లోకి దాన్ని ముందుగా తెచ్చి కూర్చోబెట్టింది న్యూ ఆర్లీన్స్ మనిషి సిడ్నీ బెషే. 1920 ప్రాంతంలో లండన్‌లో కొనుక్కున్నాడు. అతను వాయిస్తుంటే ట్రంపెట్ వాళ్లకి చోటు దొరికేది కాదంటారు, అంత గట్టి పిండం. తర్వాత దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది జాన్ కోల్ట్రేన్. ఒక సంగీత నాటకంలోని చిన్నపిల్లల పాట 'మై ఫేవరెట్ థింగ్స్'ని తీసుకుని 1960లో దాదాపు 14 నిమిషాలు వాయించాడు. ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ వెనక అతన్ని తరుముతూనే ఉంటాయి. రవిశంకర్ మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్న కోల్ట్రేనే ఇతను. బెషే, కోల్ట్రేన్, కెన్నీ జీ ముగ్గురి చేతిలోనూ ఉన్నది ఒకే గొట్టం. గొట్టంలో దోషం లేదు.

అంతెందుకు, కద్రి గోపాల్‌నాథ్ ఆ పరాయి వాయిద్యం మీద గమకాలు పలికించి కచేరీలు చేశాడు. పక్కన ఎన్నో కచేరీల్లో వయొలిన్ పట్టింది మన విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారి. ఆయన ఒక సంగతి వేసి ఆగగానే ఆవిడ విల్లు ఎలా కదిలేదో వినండి. జాజ్ పేరు ఎత్తని చోట నాకు జాజ్‌లో కావాల్సిందంతా అక్కడ దొరుకుతుంది.

కెన్నీ జీకి విద్య లేదని కూడా నేననను. ఊపిరి సాధన అసాధారణం. 1997లో న్యూయార్క్‌లోని ఒక సంగీత దుకాణంలో ఒకే స్వరాన్ని 45 నిమిషాల 47 సెకన్లు పట్టుకుని ప్రపంచ రికార్డు సాధించాడు. ముక్కుతో గాలి పీలుస్తూనే నోటితో ఊదే విద్య అది. బావగారు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నేను మన మేళంలో శ్రుతి పట్టే ఆయన గురించి చెబుతాను. పెళ్లి మొదలైన దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఆయన చేసేది ఇంచుమించు అదే పని. గడియారం పట్టుకుని ఎవరూ పక్కన నిలబడరు, సంభావన కూడా అందరిలోకీ ఆయనకే తక్కువ.

ఇప్పుడు నా పరీక్షని రెండు వైపులా పెట్టాలి, లేకపోతే అది పరీక్ష కాదు. స్మూత్ బుట్టలో వేసిన జార్జ్ బెన్సన్ నా పరీక్షలో హాయిగా నెగ్గుతాడు. 'బ్రీజిన్'లోని 'దిస్ మాస్కరేడ్' వినండి. తర్వాత కలిపిన వయొలిన్లు పక్కన పెడితే అది మనుషులు కలిసి కూర్చుని వాయించిన పాట. బెన్సన్ గొంతు, గిటారు ఒకే స్వరాల్ని జంటగా పట్టుకుని మొదలుపెడతాయి. మధ్యలో హోర్హే డాల్టో పియానో అందుకుంటాడు, వెనక డ్రమ్స్ ఆ పియానో మీద ఓ చెవి వేసి ఉంచుతాయి. జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ పక్కన వాయించి వచ్చినవాడు బెన్సన్. పాట మెత్తనైనంత మాత్రాన వినడం మర్చిపోలేదు. 'వైన్‌లైట్'లో గ్రోవర్ వాషింగ్టన్ వెనక డ్రమ్స్ మీద స్టీవ్ గాడ్, బేస్ మీద మార్కస్ మిల్లర్. వాళ్లలో ఎవరిని తీసేసినా పాటకి గంటు పడుతుంది. రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ నేనే పెట్టుకుంటాను. బావగారు చూసి "దొరికావు" అన్నారు. ఏం దొరకడం, నేనెప్పుడు దాచాను?

అటు వైపు చూస్తే, పాత జాజ్ పేరుతో గడ్డి టోపీలు, చారల చొక్కాలు వేసుకుని టూరిస్టుల కోసం వాయించే బ్యాండ్లున్నాయి. ఇంటర్నెట్లో కొల్లలు. మొదట అందరూ, తర్వాత క్లారినెట్, తర్వాత ట్రాంబోన్, తర్వాత ట్రంపెట్, మళ్లీ అందరూ. తొంభై ఏళ్ల కిందటి రికార్డులో ఎవరికో ఆ క్షణంలో తోచిన మెలికని వీళ్లు తు.చ. తప్పకుండా ఒప్పజెబుతారు. ట్రంపెట్ వాడు కొత్తగా ఏదన్నా అంటే మిగతావాళ్లు కంగారుపడతారేమో అనిపిస్తుంది. అదీ ట్రాక్ సంగీతమే, కాకపోతే ట్రాక్ లాప్‌టాప్‌లో కాకుండా వాళ్ల జ్ఞాపకంలో ఉంది. నేను అరనిమిషంలో ఆపేస్తాను. దానికన్నా 'వైన్‌లైట్' వెయ్యి రెట్లు నయం.

బావగారి దగ్గర ఇంతకన్నా గట్టి వాదనలున్నాయి. ఒకటి, "ఆకాశవాణి లలిత సంగీతానికి చెవి కోసుకునేవాడివి, దీన్నెందుకు ఒప్పుకోవు?" అని. నిజమే. విశాఖ ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది, దాని పొద్దుటి పాటల మీదే మా ఇంట్లో కాఫీలు నడిచాయి. లలిత గీతంలో మనోధర్మానికి చోటు తక్కువ, రాసుకున్న బాణీ రాసుకున్నట్టే పాడతారు. కానీ అక్కడ బాణీ సాహిత్యాన్ని వింటుంది. "కొమ్మ" అన్నచోట రాగం కొంచెం ఊగుతుంది, "ఒంటరి" అన్నచోట వాయిద్యాలు తగ్గి నిలబడతాయి. పాట కట్టిన మనిషి పాట రాసిన మనిషిని చెవి ఒగ్గి విన్నాడని తెలుస్తూ ఉంటుంది. స్మూత్ శాక్సాఫోను గాయకుడి కుర్చీలో కూర్చుంటుంది, కానీ మాటలుండవు. మాటలూ లేక, బదులిచ్చే తోడూ లేక, ఇక మిగిలేది గొంతులోని తీపి. తీపి నాకూ ఇష్టమే, మూడు నిమిషాలకి సరిపోతుంది.

రెండో వాదన చెప్పినప్పుడు ఆయన నడక ఆపేశారు. అక్కకి ఆపరేషన్ అయినప్పుడు రాత్రుళ్లు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద గడిపారాయన. చెవుల్లో కెన్నీ జీ. "ఆ రాత్రుళ్లు నీ ఆర్మ్‌స్ట్రాంగుని పెట్టుకుని ఉంటే నాకు పిచ్చెక్కేదోయ్. నన్నేటీ అడగని పాట కావాల నాకు. నా వైపు చూడకుండా పక్కన కూకుండే మనిషిలాగ." దీనికి ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ ఆ అవసరాన్ని కాదనను. అయితే ఆ రోజు అనలేనిది ఇక్కడ అంటాను. మనిషికి ఆసరా ఇచ్చిన పాట మీద మనిషికి కృతజ్ఞత ఉంటుంది, ఉండాలి. ఆ కృతజ్ఞత బావగారిది, దానికి పాట గొప్పదే కావాల్సిన పని లేదు. అదే పాట ఇంకో చోట ఏమైందో చూడండి. కెన్నీ జీ 1989లో విడుదల చేసిన 'గోయింగ్ హోమ్'ని చైనాలో దుకాణాలు కట్టేసే వేళకి, బడి వదిలే వేళకి ఏళ్ల తరబడి మోగిస్తున్నారు. అది వినబడగానే జనం సంచులు సర్దుకుని ఇళ్లకి బయల్దేరతారు. ఏమీ అడగని పాటని ఏ పనికైనా పెట్టుకోవచ్చు, చివరికి బడిగంటగా కూడా. 'వెస్ట్ ఎండ్ బ్లూస్'ని అలా వాడి చూడండి, మొదటి ట్రంపెట్ పిలుపుకే సగం మంది ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు, కొట్టు కట్టడం ఆలస్యమవుతుంది.

ఇక కెన్నీ జీ చేసిన పనుల్లో నాకు బొత్తిగా మింగుడుపడనిది ఒకటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ 1967లో పాడిన 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' రికార్డు తీసుకుని, 1999లో దాని మీద తన శాక్సాఫోను కలిపాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1971లోనే పోయాడు. దీని మీద మరుసటేడు గిటారిస్టు పాట్ మెథనీ నిప్పులు చెరిగాడు, మహానుభావుడికి జరిగిన అపచారమన్న ధోరణిలో. నాకు అపచారం గొడవ పట్టదు, ఆర్మ్‌స్ట్రాంగే సరదా మనిషి, నవ్వి ఊరుకునేవాడేమో. నా బాధ వేరు. జీవితమంతా పక్కవాడి మాట విని జవాబిచ్చిన మనిషి గొంతు అది. దాని మధ్య ఖాళీల్లో ఇప్పుడొకడు వాయిస్తున్నాడు, ఆ గొంతు ఒక్కసారి కూడా అతని వైపు తిరగదు. తిరగలేదు. వింటుంటే నాకు ఆ రిసెప్షన్ కుర్రాడి ఇబ్బంది నవ్వే గుర్తొస్తుంది. కాకపోతే ఇతనికి ఇబ్బంది లేదు.

బావగారు ఇక్కడ పట్టుకున్నారు నన్ను. "మరి నువ్వు చేసేదేటి? రాత్రి ఇయర్‌ఫోన్లు ఎట్టుకుని పోయినోళ్ల పాట ఇంటావు. ఆ ఆర్మ్‌స్ట్రాంగు నిన్ను ఇంటన్నాడా?"

లేదు, వినడం లేదు. నాకు అక్కర్లేదు కూడా. నాకు కావాల్సింది ఆ రోజు షికాగోలో ఆ గదిలో హైన్స్ అతన్ని విన్నాడు, క్లారినెట్ జిమ్మీ స్ట్రాంగ్ విన్నాడు, డ్రమ్స్ జటీ సింగిల్టన్ విన్నాడు. రికార్డులో దిగింది స్వరాలొక్కటే కాదు, వాళ్లు ఒకర్నొకరు వినడం కూడా దిగింది. అలాంటిది దిగని రికార్డు ఎంత తియ్యగా ఉన్నా, పక్కగదిలో టీవీ మోగుతున్నట్టే ఉంటుంది నాకు. ఇది రుచి కాదు, మొండితనం అంటారు బావగారు. అననివ్వండి.

మాఘంలో మా మేనకోడలి పెళ్లి. రిసెప్షన్‌కి శాక్సాఫోను ఉండి తీరాలని పెళ్లికూతురి తండ్రి పట్టు. ఉండనివ్వండి కానీ లాప్‌టాప్ వద్దు, కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్స్ వాయించే కుర్రాళ్లని కూడా మాట్లాడదాం, ఆ పైఖర్చు మేనమామగా నాది అన్నాను. బావగారు కాసేపు లెక్క వేసుకున్నారు. ఎంతైనా లెక్కల సెక్షను.

"సరే. మొదటి పాట మాత్రం సాంగ్‌బర్డ్" అన్నారు.

"అలాగే. మధ్యలో కుర్రాళ్లు దారి తప్పితే నన్ను అడక్కండి, అది మిషను మీద కట్టిన పాట."

"తప్పితే ఆ శాక్సు కుర్రోడు చూసుకుని ఎనక్కి తెచ్చుకుంటాడు లేవోయ్" అన్నారు బావగారు.